గొట్టములోనికి దిగునదెవరు?

ఒక నగరపు చరిత్రను వ్రాయువారు సాధారణముగా నేలపై కనబడువాటిని ఆధారము చేసికొందురు. హైదరాబాదు అనగానే చార్మినారు, మక్కా మసీదు, మూసీకి ఈ యొడ్డున ఒకటి, ఆ యొడ్డున ఒకటిగా నిలిచిన ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు భవనములు మనకు జ్ఞప్తికి వచ్చును. ఈ కట్టడములకు తేదీలు కలవు, కట్టించిన ప్రభువుల పేర్లు కలవు. కాని వీని క్రింద మరియొక నగరము కలదు. అది మంచినీటి గొట్టములు, మురుగు గొట్టములు, కప్పివేసిన నాలాలు కలిసి ఏర్పడినది. దానికి శాసనములు లేవు. అందులోనికి దిగి పనిచేసినవారి పేర్లను ఎవరును వ్రాసి ఉంచలేదు. ఆ రెండవ నగరమును గూర్చి, దాని లోపల ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటకు మనుష్యులు పడిన పాట్లను గూర్చి, ఆ పాట్లను యంత్రములకు అప్పగించుటకు ఇప్పుడు జరుగుచున్న ప్రయత్నమును గూర్చి ఈ ప్రసంగములో మేము చెప్పదలచినాము. ఇందుకు ఉస్మాన్‌గంజ్ పేటను ఆధారముగా తీసికొనుచున్నాము.

ఉస్మాన్‌గంజ్ మూసీకి ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్, సిద్దిఅంబర్ బజారు, బేగంబజారు, గోషామహల్ పేటల నడుమ ఉన్నది. గంజ్ అనగా ధాన్యాదుల టోకు వ్యాపారము జరుగు చోటు. బస్తాలు దింపు హమాలీలు, సరకు బండ్లు, ఇరుకు గల్లీలు, ఒకదానినొకటి ఆనుకొనిన కొట్లు, గోదాములు ఇచ్చటి లక్షణములు. ఇట్టి చోట వీధిని త్రవ్వుట అనగా వ్యాపారమును ఆపుటయే. కనుక ఇచ్చటి నేలక్రింది గొట్టమునకు జబ్బు చేసినచో, దానిని పైకి తీసి చూచుటకు వీలు లేదు. లోపలికి పోయియే చూడవలెను. లోపలికి పోవునది ఎవరన్నదే ఈ చరిత్రలోని ముఖ్య ప్రశ్న.

ఈ ప్రాంతపు ఆధునిక చరిత్ర ఒక జలప్రళయముతో ఆరంభమైనది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచినది. అఫ్జల్‌గంజ్, దాని చుట్టుపట్ల పేటలు కొట్టుకొనిపోయినవి. మరణించినవారు సుమారు 15,000 మంది అని లెక్క. ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొన్న కథ నేటికిని చెప్పుకొందురు. అప్పటి నిజాము మీర్ మహబూబ్ అలీఖాను. మరుసటి సంవత్సరము, 1909లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు సలహాదారుగా హైదరాబాదునకు వచ్చినారు. వారు రెండు పనులను కలిపి ఆలోచించినారు. ఒకటి, మూసీ, ఈసీ నదులపై జలాశయములు కట్టి వరదను నిలుపుట. రెండవది, నగరమునకు ఒక క్రమమైన మురుగు కాలువల వ్యవస్థను ఏర్పరచుట. మంచినీరు వచ్చి, వాడిన నీరు పోవు దారి లేనిచో ఆ మంచినీరే రోగకారణమగునని వారు ఎరుగుదురు.

మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. ప్రజల నోట మొదటిది గండిపేట చెరువు. అంతకుముందు పాతనగరమునకు మీరాలం చెరువు, బావులు ఆధారములు. గండిపేట నీరు పంపుల అవసరము లేకుండ పల్లమునకు తానే పారి ఆసిఫ్‌నగరు శుద్ధి తొట్లకు చేరినది. మురుగు గొట్టముల ప్రధాన నిర్మాణము 1931 నాటికి సిద్ధమైనది. అప్పటి నగర జనాభా ఐదు లక్షలకు లోపు. నేడు మహానగర జనాభా కోటి దాటినది. నీరు మంజీర నుండి, 2004లో కృష్ణ నుండి, 2015లో గోదావరి నుండి చాల దూరము గొట్టములలో ప్రయాణము చేసి వచ్చుచున్నది. వచ్చిన నీరంతయు వాడకము తరువాత మరల ఎక్కడికో పోవలెను గదా! పాతపేటలలో ఆ భారము చాలవరకు పాత దారులపైననే పడినది.

గొట్టము కంటికి కనబడదు. అది పగిలిన సంగతి నీరు వీధిలోనికి ఉబికినప్పుడే తెలియును. అంతకుముందు తెలిసికొనుటకు వెనుకటివారు తమ శరీరమునే పరికరముగా వాడినారు. మంచినీటి గొట్టములో కారుట కనిపెట్టుటకు ప్రపంచమంతటను ఒక పద్ధతి ఉండెడిది. రాత్రి ఊరు సద్దుమణిగిన తరువాత పనివాడు ఒక ఇనుప కడ్డీని వాల్వుపై నిలిపి, రెండవ కొనను చెవికి ఆనించి, నీరు చిమ్ము సన్నని బుస వినబడునేమో అని ఆలకించును. మైక్రోఫోను ముందు బ్రదుకు మావంటివారికి ఆ విద్యపై గౌరవము కలుగుట సహజము. చెవి నమ్మదగినదే. దానివలన ప్రాణాపాయము లేదు.

మురుగు గొట్టము సంగతి వేరు. అచ్చట మనిషి చెవి కాదు, మనిషియే లోపలికి పోయినాడు. మూత తీసి, కొంతసేపు గాలి ఆడనిచ్చి, నడుమునకు త్రాడు కట్టుకొని, వెదురు బద్దతోనో ఇనుప కడ్డీతోనో అడ్డును పొడుచుటకు దిగినాడు. లోపల విషవాయువు ఉన్నదా అనుటకు దీపమును దింపి చూచుట ఒక వాడుక. దీపము ఆరినచో ప్రాణవాయువు లేదని అర్థము. కాని దీపము వెలుగుచున్నంత మాత్రమున హైడ్రోజన్ సల్ఫైడు లేదని చెప్పుటకు వీలు లేదు. మీథేను ఉన్నచో ఆ దీపమే ప్రేలుడునకు కారణము కాగలదు. ఇక ముక్కు ఉన్నది. హైడ్రోజన్ సల్ఫైడు కొద్దిగా ఉన్నప్పుడు క్రుళ్లిన గ్రుడ్డు వాసన వేయును. అదే వాయువు పదిలక్షల భాగములలో నూరు భాగములకు చేరునప్పటికి వాసన పసికట్టు శక్తియే చచ్చిపోవును. అపాయము పెరిగినకొలది వాసన తగ్గినట్లు తోచును. పనివాడు మేలాయెనని తలచి ఇంకొక అడుగు దిగును. అతనిని పైకి తీయుటకు దిగిన రెండవవాడును అట్లే పడిపోవును. మ్యాన్‌హోలు మరణములు ఒక్కొక్కటిగా గాక ఇద్దరు ముగ్గురుగా జరుగుటకు ఇదియే కారణము.

ఈ పనిని ఎవరు చేసినారు? కులమును బట్టి ఆ పనికి అప్పగింపబడినవారే చేసినారు. అది జీతము పుచ్చుకొన్న ఉద్యోగమైనను, దానిని కాదని వేరొక పనికి పోవు దారి వారికి లేదు. ఈ సందర్భములో ఒక మాట పుట్టుకను తలచుట అవసరము. యంత్రమానవునికి ప్రపంచమంతట వాడుచున్న రోబో అను పేరు చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన ఆర్.యు.ఆర్. అను నాటకము నుండి వచ్చినది. చెక్ భాషలో రోబోటా అనగా భూస్వామికి రైతు నిర్బంధముగా చేయవలసిన చాకిరి. తెలుగులో దానికి సరియైన మాట వెట్టి. గండిపేట ఆనకట్ట పూర్తియైనదియు ఆ 1920లోనే. 1921 నవంబరులో ఉస్మాన్‌గంజ్‌కు ఎంతో దూరము లేని వివేకవర్ధని థియేటరు సభలో తెలుగు మాటకు జరిగిన అవమానము ఆంధ్ర జన సంఘము పుట్టుటకు కారణమైనది. మాడపాటి హనుమంతరావుగారు మొదలైన పెద్దలు తెలంగాణ పల్లెలలోని వెట్టిని మాన్పించుటకు ఆ సంఘము ద్వారా పాటుపడినారు. పల్లెలోని వెట్టికి ఆ నాడే ప్రశ్న ఎదురైనది. నగరము అడుగున జరుగు వెట్టి మాత్రము మూతక్రింద చాలకాలము నిలిచియుండెను.

ఆ మూతను ఎత్తినవారిలో తెలుగువాడైన బెజవాడ విల్సన్‌గారు ముఖ్యులు. కోలారు బంగారు గనులలో స్థిరపడిన పారిశుద్ధ్య కార్మికుల కుటుంబమున 1966లో జన్మించినారు. ఆంధ్రప్రదేశ్‌లో దళితుల పక్షమున నిలిచిన అధికారిగా పేరుపొందిన ఎస్.ఆర్. శంకరన్‌గారి తోడ్పాటుతో సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నడిపినారు. 2016లో వారికి రామన్ మెగసెసే పురస్కారము లభించినది. 1993లో ఒక చట్టము, 2013లో మరింత బలమైన చట్టము వచ్చినవి. ఆ సంస్థ 2003లో వేసిన వ్యాజ్యముపై సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పుచు, 1993 నుండి మురుగు గుంటలలో మరణించిన ప్రతివాని కుటుంబమునకును 10 లక్షల రూపాయలు చెల్లింపవలెనని ఆదేశించినది. 2023 అక్టోబరులో ఆ మొత్తము 30 లక్షలైనది. 2025 జనవరి 29న ఆ న్యాయస్థానమే హైదరాబాదుతో కూడ ఆరు మహానగరములలో మనుష్యులచేత మురుగు గొట్టములను శుభ్రము చేయించుటను నిలిపివేయవలెనని చెప్పినది.

చట్టము మనిషిని దిగవద్దన్నది. మరి పని ఎట్లు జరుగవలెను? ఈ ప్రశ్నకు ఒక జవాబు కేరళ నుండి వచ్చినది. దాని వెనుక తెలుగువారి మరణము కలదు. 2015 నవంబరులో కోళిక్కోడు నగరమున ఒక మ్యాన్‌హోలులో ఆంధ్రప్రదేశ్ నుండి పొట్టచేతబట్టుకొని పోయిన ఇద్దరు కూలీలు చిక్కుకొన్నారు. ఆ దారిని పోవుచున్న ఒక ఆటో డ్రైవరు, వారెవరో తెలియకయే, రక్షించుటకు దిగినాడు. ముగ్గురును మరణించినారు. ఈ దుర్ఘటన తమను కదిలించినదని చెప్పిన యువ ఇంజనీర్లు కొందరు జెన్‌రోబోటిక్స్ అను సంస్థను పెట్టి, బాండికూట్ అను యంత్రమును తయారుచేసినారు. బాండికూట్ అనగా పందికొక్కు. ఆ ఇంగ్లీషు మాట మన తెలుగు మాట నుండియే పుట్టినదని నిఘంటువులు చెప్పుచున్నవి. 2018లో తిరువనంతపురమున అది పనిలోనికి వచ్చినది. ఆ యంత్రము సాలెపురుగు కాళ్లవంటి కాళ్లను చాచుకొని గుంటలోనికి దిగును. కెమెరాతో చూచును, విషవాయువును కొలుచును, చెత్తను ఎత్తి పైకి పంపును. మనిషి వీధిపై నిలిచి తెరను చూచుచు దానిని నడుపును.

హైదరాబాదు మరియొక దారి పట్టినది. ఉస్మాన్‌గంజ్ వంటి పేటల గల్లీలలోనికి పెద్ద యంత్రములు పోలేవు. కనుక 2017లో జలమండలివారు ఇరుకు వీధులలో తిరుగగల 70 చిన్న జెట్టింగ్ వాహనములను ప్రవేశపెట్టినారు. దళిత పారిశ్రామికుల సంఘము తోడ్పాటుతో వాటికి యజమానులుగా దళితులు ముందుకు వచ్చుట ఇందలి విశేషము. తరతరములుగా గుంటలోనికి దిగినవారి పిల్లలకు యంత్రముపై హక్కు కలుగుట చిన్న సంగతి కాదు. ఐనను 2021 ఆగస్టులో, రాత్రివేళ, నగర శివారున సాహెబ్‌నగర్‌లో ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోలులో ప్రాణములు కోల్పోయినారు. యంత్రములు నగరములో ఉన్నవి, మనుష్యులును దిగినారు.

ఇట్లేల జరుగుచున్నది? కాంట్రాక్టుల ఆశ ఒక కారణము. మరియొక కారణము, అడ్డు ఎచ్చట ఉన్నదో, వాయువు ఎంత ఉన్నదో ముందుగా తెలియకపోవుట. ఆపద పైకి పొంగిన తరువాత తొందర కలుగును. తొందరలో మనిషిని దింపుట సులభముగా తోచును. కనుక శుభ్రము చేయు యంత్రముతోపాటు ముందుగా కబురు చెప్పు సాధనము కావలెను. ఈ విషయములో చమురు, గ్యాసు గొట్టములవారు మురుగు శాఖకంటె ముందు నడచినారు.

చమురు గొట్టములను లోపల తుడుచుటకు గొట్టమునకు సరిపోవు బిరడావంటి దానిని ఒక కొన నుండి ప్రవేశపెట్టుదురు. వెనుకనుండి వచ్చు ద్రవపు ఒత్తిడియే దానిని రెండవ కొనకు త్రోయును. దీనికి పిగ్, అనగా పంది అని పేరు వచ్చినది. 1960లలో అమెరికాలో ఈ పందికి తెలివి నేర్పినారు. దానికి అయస్కాంతములను కట్టినచో, అది పోవుచున్నంత దూరమును గొట్టపు ఉక్కు గోడ అయస్కాంతించును. తుప్పు తిని గోడ పలుచబడిన చోట అయస్కాంత బలము ప్రక్కకు చిమ్మును. ఆ చిమ్ముటను పరికరములు వ్రాసికొనును. ఎంత దూరములో వ్రాసినదో చక్రములు లెక్కించును. అయితే ఈ పంది వచ్చిపోవు చుట్టము వంటిది. అది వెళ్లిన నాటి స్థితినే చెప్పగలదు. మరుసటి నెలలో ఏమైనదో చెప్పజాలదు. అంతేగాక గొట్టము అంతటను ఒకే వ్యాసము కలిగి, మలుపులు మెల్లగా ఉన్నచోటనే అది పోగలదు.

తమంతట తామే నడచు యంత్రములు ఈ కొరతను తీర్చుటకు పుట్టినవి. 2004లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము వారు ఎక్స్‌ప్లోరర్ అను గొలుసుకట్టు యంత్రమును న్యూయార్కు రాష్ట్రములో గ్యాసు ఆపకుండనే గొట్టములోనికి పంపి చూచినారు. ఆ తరువాతి మెట్టు, చూచి వచ్చుట కాదు, లోపల కావలి పెట్టి వచ్చుట. ఒక చిన్న రంధ్రము గుండ యంత్రమును దింపుదురు. అది చక్రములను గోడకు అదిమి పట్టి నడచును. తగిన చోటికి చేరి, బ్రష్షుతో గోడను గీకి శుభ్రము చేయును. తరువాత సెన్సారును, అనగా కొలిచి కబురు చెప్పు చిన్న పరికరమును, జిగురుతోనో అయస్కాంతముతోనో గోడకు అతికించి, గట్టిగా నిలిచినదా లేదా అని పరీక్షించి వెనుకకు వచ్చును. ఆ సెన్సారు అచ్చటనే ఉండి ఒత్తిడినో, గోడ మందమునో, నీరు కారు శబ్దమునో, వాయువునో కొలుచుచుండును.

చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. నేలయు ఉక్కును రేడియో తరంగములను మింగివేయును. కనుక లోపలి కబురును పైకి తెచ్చుటకు తీగనో, శబ్దమునో, మ్యాన్‌హోలు మూత దగ్గర ఒక మధ్యవర్తి పరికరమునో ఆశ్రయింపవలెను. బ్యాటరీ ఏండ్ల తరబడి నిలువవలెను. మురుగులోనైతే సెన్సారుపై పాచి, క్రొవ్వు పేరుకొని అది గ్రుడ్డిదగును. ఈ చిక్కులను విడదీయుటకే నేటి పరిశోధన అంతయు. సిడ్నీ నగరపు నీటి సంస్థ అచ్చటి సాంకేతిక విశ్వవిద్యాలయముతో కలిసి కాంక్రీటు మురుగు గొట్టముల క్షయమును కనిపెట్టు సెన్సార్లను పరీక్షించినది. మన దేశములో మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధకులు సెప్టిక్ ట్యాంకులను శుభ్రము చేయు యంత్రమును, గొట్టముల లోపలి స్థితిని చూచు యంత్రములను తయారుచేసినారు.

ఉస్మాన్‌గంజ్ వాసులకు దీనితో పనియేమని ఎవరైన అడుగవచ్చును. మురుగు నుండి లేచిన హైడ్రోజన్ సల్ఫైడు గొట్టము కప్పున తేమతో కలియును. అచ్చటి సూక్ష్మజీవులు దానిని గంధకికామ్లముగా మార్చును. ఆ ఆమ్లము కాంక్రీటును కొరికివేయును. క్రింద నీరు పారుచున్నంతవరకు అంతయు క్షేమముగానే కనబడును. పైకప్పు మాత్రము సన్నగిల్లుచుండును. గొట్టమో నాలా గోడయో బీటలు వారినచోట మట్టి లోనికి జారి, రోడ్డు క్రింద గుల్ల ఏర్పడును. 2022 డిసెంబరు 23న ఉస్మాన్‌గంజ్‌కు దాపుననే గోషామహల్ చాక్నవాడిలో నాలాపై నున్న రోడ్డు కూలి, బండ్లు, అంగళ్లు లోపలికి పడినవి. కొందరు గాయపడినారు. దాని సాంకేతిక కారణమును మేము ఇచ్చట నిర్ణయింపబోము. పైన సంత జరుగుచుండగా క్రింద నేమున్నదో నిలిచినవారికి తెలియలేదన్నది మాత్రము స్పష్టము. టోకు సరకుతో నిండిన లారీలు నిలుచు వీధులకు ఈ తెలివిడి వరద హెచ్చరిక వంటిదే.

అయితే యంత్రము కబురు చెప్పిన మాత్రమున అన్నియు చక్కబడునని మేము చెప్పజాలము. తెలుగునాట దీనికి కఠినమైన నిదర్శనము కలదు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున కోనసీమలోని నగరము గ్రామమున గెయిల్ సంస్థవారి గ్యాసు గొట్టము పగిలి మంటలు లేచినవి. తాటిపాక నుండి కొండపల్లి విద్యుత్కేంద్రమునకు పోవు 18 అంగుళముల గొట్టమది. ఇరువదిమందికి పైగా మరణించినారు. కొబ్బరితోటలు మాడిపోయినవి. పొడి వాయువునకై వేసిన గొట్టములో తేమతో కూడిన వాయువు ప్రవహించుటచేత లోపల తుప్పు పట్టినదని విచారణలో తేలినది. అంతకుముందే గ్యాసు వాసన వచ్చుచున్నదని గ్రామస్థులు చెప్పియుండిరని నాటి పత్రికలు వ్రాసినవి. ఆ ఊరివారి ముక్కు ఆనాటికి సెన్సారు పని చేసినది. దాని మాటను ఆలకించువారు కొరవడినారు. ముక్కు మాటను పెడచెవిని పెట్టినవారు యంత్రపు మాటను వినవలెనని నియమమేమున్నది?

కనుక ఈ చరిత్ర మనకు నేర్పునది రెండు అంగములు గల పాఠము. ఇంతకాలము గొట్టము లోపలి సంగతి తెలిసికొనుటకు నగరము కొందరి దేహములను వెచ్చించినది. వారు చెప్పుకొనుటకు వీలులేని దేహములు. చాపెక్ తన నాటకములో వెట్టివానికి పెట్టిన పేరును నేడు యంత్రమునకు పెట్టుకొన్నాము. ఆ పేరు సార్థకము కావలెనన్న, ఆ వెట్టిని యంత్రమే మోయవలెను, మనిషి పూర్తిగా విడుదల కావలెను. ఇది మొదటి అంగము. లోపల కావలిగా నిలిపిన సెన్సారు చెప్పు కబురునకు జవాబుదారియగు ఒక మనిషి పైన ఉండవలెను. ఏ కబురు వచ్చిన ఎంత సేపటిలో ఎవరు కదలవలెనో నియమముండవలెను. ఆ కబురును ఆ వీధివారును తెలిసికొను హక్కు కలిగియుండవలెను. ఇది రెండవ అంగము. మొదటి దానిని ఇంజనీర్లు సాధింపగలరు. రెండవ దానిని సాధింపవలసినవారు పాలకులు, వారిని అడుగవలసినవారు పౌరులు.

1908 వరద తరువాత విశ్వేశ్వరయ్యగారు చేసిన పనిలో ఆనకట్టలు నేటికిని కనబడుచున్నవి. వాటికంటె విలువైనది మరియొకటి కలదు. ఆపద వచ్చిన తరువాత ఏడ్చుటకు బదులు, రాబోవు నీటిని ముందుగా కొలిచి, దానికి చోటు సిద్ధము చేసి ఉంచుట. నేలపై నీటికి నూరేండ్ల క్రింద మన నగరము ఆ బుద్ధిని చూపినది. నేలక్రింది నీటికిని, దానిలో ఇంతకాలము దిగిన మనిషికిని ఆ బుద్ధియే ఇప్పుడు కావలసియున్నది.